మేల్కొనని కంప్యూటరు



కంప్యూటరును దుకాణమునుండి యొక్క పెట్టెగా కొని తెచ్చుకొనువారు కొందఱు. భాగములను వేఱువేఱుగా కొని యింటనే కూర్చుకొనువారు మఱికొందఱు. ఈ రెండవ తెగవారిలో మన పిల్లలే యెక్కువ. చదువుకొనుచున్న కొడుకో కూతురో, మఱదియో ఆడుబిడ్డయో నెలల తరబడి డబ్బు కూడబెట్టి, ప్రాసెసరు నొకచోటను మదర్‌బోర్డు నొకచోటను బేరమాడి తెచ్చి, భోజనపు బల్లను రెండుదినము లాక్రమించి, అది వెలిగిననాడు ఇంటిల్లిపాదికిని చూపి మురిసిపోవుదురు. కొన్నాళ్లకు ఆ వేగము చాలదని తోచును. తయారుచేసినవారు నిర్ణయించిన మేరను మించి దానిని పరుగెత్తింతురు. దీనికే ఓవర్‌క్లాకు చేయుట యని పేరు. ఒకనాటి యుదయమున మీట నొక్కగా పంకాలు తిరుగును గాని తెఱమీద నక్షరమైనను కనబడదు. ఆ బిడ్డ మొగము వాడిపోవును. పెద్దలు డబ్బు బూడిదపాలైనదందురు. దుకాణదారుడు క్రొత్త బోర్డు కొనుమనును.

నేను మనవిచేయదలచిన దేమనగా, అట్టి కంప్యూటరు చచ్చినదని వెంటనే తీర్మానింపవలదు. పెక్కుమాఱులు అది తనకు వ్రాసియిచ్చిన తప్పుటాజ్ఞను మఱువలేక తల్లడిల్లుచుండును. ఆ యాజ్ఞను దానిచే మఱపించుటయే మొదటి చికిత్స. దీనికి ఒక స్క్రూడ్రైవరును, కొంత యోర్పును చాలును. డబ్బు చేతబట్టుకొని దుకాణమునకు పరుగిడుట తరువాతి మాట.

వేగమనగా నేమో ముందు తెలిసికొందము. పాటకు తాళమెట్టిదో ప్రాసెసరునకు క్లాకు అట్టిది. నేటి బోర్డులు సాధారణముగా 100 మెగాహెర్ట్సుల తాళము నిచ్చును, అనగా సెకనునకు 10 కోట్ల దెబ్బలు. ప్రాసెసరు దీనిని తన గుణకముచే హెచ్చవేసికొనును. గుణకము 45 అయినచో 4.5 గిగాహెర్ట్సులు; దానినే 48 చేసినచో 4.8. విలంబకాలమున నేర్చిన కీర్తనను ద్రుతకాలమున పాడించుట వంటిది. కొంతవఱకు గాయకుడు నిలుచును; ఆపైన నొక అక్షరము జాఱును, పిమ్మట పాటయే తప్పును.

ఈ సరదా నేటిది గాదు. 1984లో ఐబీఎం వారు వెలువరించిన ఏటీ కంప్యూటరు 6 మెగాహెర్ట్సుల వేగమున నడిచెడిది. అందలి 12 మెగాహెర్ట్సుల స్ఫటికమును పెఱికి 16 దానిని పెట్టినచో అదియే 8 మెగాహెర్ట్సులతో నడుచునని కొందఱు కనుగొనిరి. 1998లో ఇంటెల్ వారి సెలిరాన్ 300ఏ అను చవుక ప్రాసెసరు వచ్చినది. దాని గుణకము 4.5, దానిని మార్చుటకు వీలులేదు. కాని బోర్డు తాళమును 66నుండి 100కి పెంచినంతనే 300 మెగాహెర్ట్సులది 450కి ఎగబ్రాకినది. ఖరీదైన ప్రాసెసరు చేయు పనిని చవుకది చేయుచుండగా ఎవరికి ముచ్చట పుట్టదు? మన పిల్లలను తప్పు పట్టనేల?

కాని వేగము ఊరక రాదు. వేగము హెచ్చినకొలది ప్రాసెసరు స్థిరముగా నుండుటకు వోల్టేజీ హెచ్చుగా నీయవలసివచ్చును. అది వినియోగించు విద్యుత్తు వేగముతో సమముగను, వోల్టేజీ వర్గముతో సమముగను పెరుగును. వేగమును నూటికి 10 పాళ్లు, వోల్టేజీని నూటికి 10 పాళ్లు పెంచినచో వేడి నూటికి 10 గాదు, సుమారు 33 పాళ్లు పెరుగును. మన వంటయింటి లెక్కలకు అలవాటుపడినవారికి ఇది వింతగా తోచును గాని గుణించి చూచుకొనవచ్చును. వోల్టేజీ విషయమున తెగువ పనికిరాదు. 2023లో ఏఎండీ వారి రైజెన్ 7000 తరగతి ప్రాసెసర్లు కొన్ని సాకెట్టులోనే కమిలి యుబ్బిపోయినవి. ర్యాము వేగమును పెంచు అమరికతోపాటు కొన్ని బోర్డులు ప్రాసెసరులోని ఎస్‌ఓసీ భాగమునకు మితిమీరిన వోల్టేజీ నిచ్చుచుండుటయే కారణమని తేలగా, ఏఎండీ వారు దానిని 1.3 వోల్టులకు కట్టడి చేసిరి. మఱుసటియేడు, 2024లో, ఇంటెల్ వారి 13, 14 తరముల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అధిక వోల్టేజీవలన క్రమక్రమముగా చెడుచున్నవని ఆ సంస్థవారే యంగీకరించి, క్రొత్త మైక్రోకోడు విడుదలచేసి, హామీకాలమును మఱి 2 సంవత్సరములు పొడిగించిరి. వీనిలో కొన్ని యోవర్‌క్లాకు చేయనివి కూడను. తెగినదాక లాగరాదని మన పెద్దలు త్రాటినిగూర్చి చెప్పినను, ఈ సూక్ష్మయంత్రములకు అది మఱింత తగియున్నది.

ఇక, మేల్కొనుట యనగా నేమి? మీట నొక్కగానే పవర్ సప్లై బోర్డునకు విద్యుత్తు నిచ్చును. బోర్డులోని బయాస్ అను ప్రోగ్రాము ప్రాసెసరును, ర్యామును, గ్రాఫిక్సు కార్డును, డిస్కును వరుసగా పిలిచి యోగక్షేమము లడుగును. అందఱును పలికినచో విండోసును లేపును. ఎవరైన పలుకకున్న అక్కడనే నిలిచిపోవును. చాల బోర్డుల యంచున నాలుగు చిన్న దీపము లుండును. వానిప్రక్కన సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని వ్రాసియుండును. ఏ దీపము వెలిగి యారిపోకున్నదో ఆ చుట్టము పలుకలేదని యర్థము. వైద్యుడు నాడి చూచినట్లు మొట్టమొదట ఈ దీపములను చూడవలయును. ఇవి లేని బోర్డులకు చిన్న స్పీకరు తగిలించినచో కూతలతో చెప్పును. ఏ కూతకు ఏ యర్థమో బోర్డుతో వచ్చిన పుస్తకమున నుండును. ఆ పుస్తకమును పాతకాగితములవానికి వేయకుడు.

పంకాలుకూడ తిరుగకున్నచో సంగతి వేఱు. పవర్ సప్లై వెనుకనున్న స్విచ్చి, గోడయొద్ద ప్లగ్గు, క్యాబినెట్టు మీటనుండి బోర్డునకు పోవు సన్నని తీగ, వీనిని చూచుకొనిన చాలును. పంకాలు తిరుగుచు తెఱ నల్లగా నున్నచో మానిటరు తీగ గ్రాఫిక్సు కార్డునకు తగిలించియున్నదా, పొరపాటున బోర్డునకే తగిలించిరా యనియు, ప్రాసెసరు ప్రక్కన 8 ముండ్ల విద్యుత్తు తీగ గట్టిగా కూర్చున్నదా యనియు చూడవలయును. నిన్నటివఱకు నడచిన కంప్యూటరున ఇవి తప్పిపోవుట యరుదు గనుక వీనియొద్ద కాలము వ్యర్థము చేయనక్కఱలేదు.

ఒక్క హెచ్చరిక. డీడీఆర్5 ర్యాము గల క్రొత్త బోర్డులు అమరిక మార్చిన పిమ్మట మొదటిసారి లేచునప్పుడు ర్యామును తమకు తగినట్లు సరిచూచుకొనును. ఆ సమయమున తెఱ కొన్ని నిముషములు నల్లగానే యుండవచ్చును. తాళలేక మీట నొక్కి యార్పినచో నిద్రలేచుచున్న శిశువును మరల జోకొట్టినట్లగును. చేసిన పని యంతయు మొదటికి వచ్చును. పదునైదు నిముషములు గడియారము చూచుచు ఊరక కూర్చుండుడు. కొన్ని బోర్డులు కొన్నిమాఱులు తామే యారి, తామే వెలిగి, ఈ వేగము తమ వలన గాదని గ్రహించి పాత వేగమునకు దిగివచ్చును. ఆ యవకాశమును వాని కీయవలయును.

అప్పటికిని లేవనిచో మఱపించుటకు పూనుకొనవలయును. మనము పెట్టిన వేగము, వోల్టేజీ మున్నగు అమరికలు బోర్డునందు సీమాస్ అను చిన్న జ్ఞాపకస్థానమున వ్రాయబడియుండును. దీనిని నిలుపునది సీఆర్2032 అను 3 వోల్టుల నాణెపు బ్యాటరీ. కంప్యూటరు ఆర్పినను, ఊరికి పోయి నెలకు తిరిగివచ్చినను, ఆ యాజ్ఞ చెక్కుచెదరదు. అందుచేతనే ఎన్నిమాఱులు మీట నొక్కినను అది యదే తప్పుటాజ్ఞను చదివి యచ్చటనే పడిపోవుచుండును. దుష్యంతునకు మఱపే శాపమైనది. ఈ యంత్రమునకు మఱపే శాపవిమోచనము.

మఱపించు విధానము చిన్నదే గాని యందొక మెలిక యున్నది. మా యింట జరిగిన యొక సంగతివలన ఆ మెలిక స్పష్టమగును. నా ఆడుబిడ్డ ఆర్కిటెక్చరు చదువు కడపటి సంవత్సరమున నున్నది. చిన్నపిల్లలకు ట్యూషనులు చెప్పి కూడబెట్టిన 68,000 రూపాయలతో సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరున భాగములు కొని, రైజెన్ 5 5600 ప్రాసెసరుతో కంప్యూటరు కూర్చుకొన్నది. భవనముల చిత్రములు సిద్ధమగుటకు రాత్రులు గడచుచుండుటచే, 3200 అని వ్రాసియున్న ర్యామును 3600కు, అది నిలిచినదని 4000కు పెంచినది. మఱునాటినుండి తెఱ నలుపు. డీర్యామ్ దీపము మాత్రము వెలుగుచున్నది. ప్రాజెక్టు చూపవలసిన గడువునకు ఎనిమిది దినములున్నవి. ఆమె ఐదు నెలల కృషి యంతయు ఆ పెట్టెలోనే యున్నది.

మా యూరిలోని యొక దుకాణమువారు చూచి, బ్యాటరీ తీసి పెట్టితిమి, ఫలము లేదు, బోర్డు పోయినది, 14,000 రూపాయలగును, డిస్కుకూడ చెఱిపి మరల విండోసు వేయవలయును అనిరి. ఆ తుదిమాట విని పిల్ల యేడ్చినది. "వదినా, నా బొమ్మలన్నియు పోయినవి" అన్నది. డబ్బుకంటె ఆ మాటయే నాకు గట్టిగా తగిలినది. ఏలయన డిస్కునకును బోర్డు నిద్రకును సంబంధమే లేదు. బోర్డు నిజముగా పోయినను డిస్కును తీసి వేఱొక కంప్యూటరున పెట్టి లోనివి చదువవచ్చును. అక్షరము తెఱమీదికి రాకమునుపే ఆగిపోయిన యంత్రమునకు డిస్కు చెఱుపుట, తలుపు తీయరాలేదని యింటిలోని సామానులు పాఱవేయుట వంటిది.

కంప్యూటరును ఇంటికి తెప్పించితిమి. "వారు బ్యాటరీ తీయునప్పుడు ప్లగ్గు తీసిరా?" అని నేనడిగితిని. కొంతసేపాలోచించి, "లేదు వదినా, వెనుక దీపము వెలుగుచునే యుండెను" అన్నది. మెలిక యిదియే. గోడలోని ప్లగ్గు తీయనంతవఱకు, కంప్యూటరు ఆర్పియున్నను, పవర్ సప్లై బోర్డునకు 5 వోల్టులు సన్నగా పాఱించుచునే యుండును. ఆ విద్యుత్తుతోనే సీమాస్ తన జ్ఞాపకమును నిలుపుకొనును. బ్యాటరీ తీసినను దానికి తెలియదు. పొయ్యి మంటనే యుంచి గిన్నె చల్లారలేదనుట కాదా!

కనుక మేము చేసిన వరుస యిది. పవర్ సప్లై స్విచ్చి నార్పి, ప్లగ్గును గోడనుండి పూర్తిగా లాగివేసితిమి. క్యాబినెట్టు మీటను పదిసెకనులు నొక్కి పట్టుకొని లోపల మిగిలియున్న విద్యుత్తును వెడలించితిమి. బ్యాటరీని మెల్లగా గోటితో మీటి తీసి పది నిముషములు ప్రక్కన పెట్టితిమి. పుస్తకము చూచి, బోర్డు దిగువయంచున క్లియర్ సీమాస్ అని వ్రాసియున్న రెండు ముండ్లను కనుగొని స్క్రూడ్రైవరు మొనతో రెంటిని కలిపి పదిసెకనులు తాకించితిమి. నిజమునకు బ్యాటరీ తీయుటయో ముండ్లు తాకించుటయో యేదైన నొకటి చాలవచ్చును. గడువు దగ్గఱపడుటచే రెండును చేసితిమి. పిదప బ్యాటరీ యథాస్థానమున నుంచి, ప్లగ్గు పెట్టి, మీట నొక్కితిమి. రెండుమాఱు లారి వెలిగి, మూడవమాఱు తెఱమీద అక్షరములు వచ్చినవి. తేదీ మాత్రము కొన్నేండ్ల వెనుకటిది చూపినది. అన్నియు మఱచినది గదా!

లోపల చేయి పెట్టుటకు ముందు క్యాబినెట్టు ఇనుమును తాకి మన యొంటనున్న స్థిరవిద్యుత్తును వదలించుకొనవలయును. పట్టు, నైలాను చీరలవలన అది హెచ్చగును, నూలుచీర మేలు. మట్టిగాజులకు విద్యుత్తు పాఱు భయము లేదు. బంగారు గాజులను పైకి త్రోసి యొక గుడ్డ చుట్టుకొనిన చాలును, తీయనక్కఱలేదు.

మఱపించినను లేవనిచో తర్కశాస్త్రమున చెప్పు అన్వయవ్యతిరేకములను ఇక్కడ ప్రయోగింపవలయును. ఏది యున్నచో దోషముండునో, ఏది లేనిచో దోషము లేదో, దానిని వెదకుట. రెండు ర్యాము కడ్డీలలో నొకదానిని తీసి, రెండవదానిని పుస్తకము చెప్పిన గాడిలో నుంచి చూడుడు. తఱచుగా నది ప్రాసెసరునుండి రెండవ గాడి. లేవకున్న కడ్డీని మార్చుడు. అప్పటికిని లేవకున్న గాడిని మార్చుడు. ఒక్కొక్కమాఱు ఒక్కటియే మార్చవలయును. రెండు మార్పులు కలిపి చేసినచో కంప్యూటరు లేచినను ఎందుచేత లేచినదో తెలియదు, రేపు మరల పడిపోయినచో నేమిచేయవలెనో అంతకును తెలియదు. ప్రాసెసరులోనే చిత్రము చూపు శక్తి యున్నచో గ్రాఫిక్సు కార్డునుకూడ తీసి చూడవచ్చును. రైజెన్ 5 5600కు ఆ శక్తి లేదు. ఇంటెల్ వానిలో పేరు చివర ఎఫ్ అక్షరమున్న వానికిని లేదు. వానిలో కార్డు తీసినచో తెఱ యెట్లును నల్లగానే యుండును. దానిని చూచి క్రొత్త దోషమని భయపడరాదు.

మఱియొక సంగతి మఱువరాదు. అమరికలు చెఱిగిన పిమ్మట విండోసు తన డిస్కును బిట్‌లాకరుతో తాళము వేసియున్నచో 48 అంకెల రికవరీ కీ అడుగవచ్చును. అది మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచబడియుండవచ్చును. కంప్యూటరు బాగున్న దినముననే చూచి, కాగితముపై వ్రాసి, ఇంటి దస్తావేజులతో పెట్టుట మంచిది. ఆ అంకెలు లేకున్న లోపలివి యున్నను లేనట్లే.

లేచిన కంప్యూటరును వెంటనే పాత వేగమునకు తోలరాదు. ముందు ముఖ్యమైన వ్రాతలను వేఱొక డిస్కునకు నకలు తీయవలయును. ఇది చాదస్తము గాదు. మితిమీరిన ర్యాము వేగము ఎల్లప్పుడును కంప్యూటరును పడగొట్టదు. ఒక్కొక్కప్పుడు అది నడచుచునే యొక అంకెను మఱొక అంకెగా వ్రాయును. ఆ తప్పు డిస్కుమీదికిని ఎక్కును. నెల గడచిన తరువాత తెఱచినచో చిత్రము తెఱవబడదు, కారణము తెలియదు. నిద్రలేవని కంప్యూటరుకంటె లేచి తప్పు వ్రాయు కంప్యూటరే ప్రమాదకరము.

వేగము పెంచియే తీరవలెనన్నచో ప్రాసెసరును 100 మెగాహెర్ట్సుల చొప్పున, ర్యామును ఒక్క మెట్టు చొప్పున పెంచి, ప్రతి మెట్టునను పరీక్షింపవలయును. ర్యామునకు మెమ్‌టెస్ట్86 అను ప్రోగ్రాము కలదు. దానిని రాత్రి పెట్టి పండుకొనిన తెల్లవాఱుసరికి ఫలితము తెలియును. ఒక్క దోషము కనబడినను మెట్టు దిగవలయును. ఒక్కటియే గదా యనరాదు. ప్రాసెసరును ఒక గంట గట్టిగా పనిచేయించి వేడి చూడవలయును. మా ప్రాంతపు వైశాఖమాసపు మధ్యాహ్నమున చేసిన పరీక్షయే పరీక్ష. పుష్యమాసపు రాత్రి నిలిచిన వేగము వేసవిలో నిలువదు. నా ఆడుబిడ్డ 3600 యొద్ద ఆపినది. 4000కును దీనికిని ఆమె చిత్రములలో కలిగిన భేదము రాత్రికి కొన్ని నిముషములు మాత్రమే.

ఇన్ని చేసినను లేవకున్నచో దుకాణమునకు తీసికొనిపోవలసినదే. పవర్ సప్లై పెట్టెను మాత్రము ఇంట నెవ్వరును విప్పరాదు. ప్లగ్గు తీసిన పిమ్మటను దానిలోని కెపాసిటర్లు కొంతసేపు విద్యుత్తును పట్టియుంచును. ప్రాసెసరును తీసి చూడుటయు నేర్పరులకే విడువవలయును. ఏఎండీ వారి పాత ఏఎం4 రకమున ప్రాసెసరుక్రింద 1,331 ముండ్లుండును. ఇంటెల్ వానిలోను ఏఎం5లోను ఆ ముండ్లు బోర్డు సాకెట్టులో నుండును. ఒక్కటి వంగినను క్రొత్త దోషము తెచ్చుకొన్నట్లే.

దుకాణమునకు పోవునప్పుడు ఏ దీపము వెలుగుచున్నదో, ఏ యమరిక మార్చిన పిమ్మట ఆగినదో, ఏయే కడ్డీ ఏయే గాడిలో పెట్టి చూచితిమో కాగితముపై వ్రాసి యిచ్చినచో వారికిని పని సులభము, మనకును అనవసరపు ఖర్చు తప్పును. ఇంట కూర్చిన కంప్యూటరున ప్రతి భాగమునకును హామీ వేఱు గనుక రసీదులన్నియు వెంట నుండవలయును. ఓవర్‌క్లాకువలన కలిగిన నష్టమునకు ప్రాసెసరు హామీ వర్తింపదని కూడ తెలిసియుండవలయును. డిస్కును ఇంటనే తీసియుంచి మిగిలినది ఇచ్చినచో చెఱుపుదురేమో యన్న భయమే యుండదు. బోర్డు మార్చితిమనినచో పాత బోర్డును తిరిగి యిమ్మని యడుగుడు. అది మనదే.